దగ్గరుంటే చాలా?

మా పాపకు ఇంటర్ రెండో సంవత్సరం. ఇంటికొచ్చిన వాళ్లు కాఫీ తాగుతూ అడిగేది ఒక్కటే, "తర్వాత ఏం చేయిస్తారు?" జవాబూ వాళ్లే చెప్పేస్తారు. "అంగళ్లు పక్కనే కదా! పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి ఇంట్లో ఉంటుంది. ఆడపిల్లకు ఇంకేం కావాలి?" మొన్న ఈ మాటన్న వదిన, కొడుకును బెంగళూరులో చేర్చినప్పుడు దూరం ఊసే ఎత్తలేదు.

మా కురబలకోట మండలంలోని అంగళ్లుకు 1998లో ఇంజనీరింగ్ కాలేజీ రావడం పిల్లల అదృష్టమే. కోరుకున్న కోర్సు అక్కడే దొరికితే అంతకన్నా ఏం కావాలి? నా బాధల్లా, పిల్లను అడక్కుండా దూరం కొలిచి నిర్ణయించడం గురించే.

నా బి.ఏ. కూడా అలాగే కుదిరింది. మదనపల్లె బస్సు మా వీధి చివర ఆగేది, అంతే. తెలుగంటే ప్రాణం కాబట్టి నాకు సరిపోయింది. బాటనీ చదవాలనుకున్న నా స్నేహితురాలు నా పక్కనే అయిష్టంగా కూర్చుంది. పెళ్లి కుదరగానే మానేసింది. ఎవరూ అడ్డుచెప్పలేదు, తను కూడా.

ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్ల సంగతి మనం తెలుసుకోవాలి. ర్యాంకుకు అందేవాటిలో జాబితాలో ఏది పైనుంటే ఆ సీటే ఇస్తారు. దగ్గరుందని ఇష్టంలేని కాలేజీని మొదట పెడితే, సీటు అక్కడే వచ్చేస్తుంది. కింద రాసిన ఇష్టమైన కాలేజీదాకా వెళ్లనే వెళ్లదు. అందుకే ఆ వరస నెట్ సెంటర్లో హడావిడిగా కాదు, ఇంట్లో పిల్ల పక్కన కూర్చుని రాయాలి. నాలుగేళ్ల ఫీజు, హాస్టలు, బస్సు ఖర్చు కూడా ఆ కాగితం మీదే వేసుకోవాలి.

పదో తరగతి పిల్లలున్నవాళ్లు ఇప్పుడే మొదలుపెట్టండి. పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేస్తే, ఈసెట్‌తో ఇంజనీరింగ్ రెండో ఏడాదిలోనే చేరొచ్చు. పది మార్కులతోనే ట్రిపుల్ ఐటీలో ఆరేళ్ల చదువూ ఉంది. ఇంటరొక్కటే దారి కాదు.

మొన్న రాత్రి పాపను అడిగాను, "నీకేం చదవాలనుందమ్మా?" అని. కాసేపు నా మొహంలోకి చూసి, "సివిల్. తిరుపతి, ఎస్వీ యూనివర్సిటీలో" అంది. హాస్టలనగానే గుండె దడదడలాడింది. ఆ దడ నాది, చదువు తనది. మా ఆయనకు చెప్పి, కాగితం మీద మొదటి వరసలో అదే రాయించాను. ర్యాంకు వస్తుందో రాదో చూద్దాం.

మీరు మీ అమ్మాయిని అడిగారా?