గోడ దాటిన కలుపు

సొంత స్థలం మధ్యతరగతి కుటుంబానికి జీవితకాలపు కోరిక. 1933లో ఓడరేవు ప్రారంభమైన నాటి నుండి విశాఖపట్నానికి బ్రతుకుతెరువు కోసం వచ్చేవారు పెరిగారు. ఉక్కు కర్మాగారం వెలసిన తరువాత నగరం మరింత విస్తరించింది. గాజువాక, కూర్మన్నపాలెం, మధురవాడ వంటి చోట్ల ఎందరో స్థలాలు కొన్నారు. కొందరు ఇళ్లు కట్టుకొన్నారు. కొందరు పిల్ల పెళ్లికి అక్కరకు వస్తుందని ఖాళీగా ఉంచారు. మరికొందరు కొన్న స్థలం వైపు మళ్లీ తొంగిచూడలేదు.

తొలకరి చినుకులకు ఆ స్థలాలలో మొక్కలు మొలిచి, శ్రావణం నాటికి నడుమెత్తు పెరుగుతాయి. పొదలలో ఎలుకలు చేరుతాయి. వాటి కోసం నాగుపాములు, రక్తపింజరులు వస్తాయి. ఖాళీ స్థలమే కదా అని ఇరుగుపొరుగువారు విసిరిన కొబ్బరిచిప్పలలో నీరు నిలిచి, డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. ఈ తప్పు యజమానిది మాత్రమే కాదని ఒప్పుకోవాలి.

అన్నింటికంటె మొండిది వయ్యారిభామ. అమెరికా ఖండం నుండి వచ్చిన ఈ మొక్కను 1950ల మధ్యలో పూనాలో గుర్తించారు. దీనిని తాకితే కొందరికి ఒంటిపై దద్దుర్లు లేస్తాయి. పుప్పొడి పీల్చితే ఉబ్బసం రేగుతుంది. మొలిచిన నెల, నెలన్నరకే పూతకు వచ్చి, ఒక్కొక్క మొక్క వేలాది విత్తనాలను రాలుస్తుంది. గాలికి, నీటికి అవి పొరుగువారి పెరటికి చేరుతాయి. నా స్థలం నా ఇష్టం అనే వాదం అక్కడితో చెల్లదు.

చట్టం లేక కాదు. స్థలాన్ని శుభ్రపరచమని యజమానికి నోటీసు ఇచ్చే అధికారం నగరపాలక సంస్థకు ఉన్నది. అతడు వినకపోతే తానే ఆ పని చేయించి, ఖర్చు రాబట్టవచ్చు. అయితే ఫిర్యాదు అందాలి, యజమాని చిరునామా దొరకాలి, గడువు ముగియాలి. కలుపు అంతవరకు ఆగదు. పూసిన తరువాత కొట్టిన వయ్యారిభామ ఆ కొట్టుడులోనే విత్తనాలు చల్లుతుంది.

అమెరికాలోని అనేక పట్టణాలలో గడ్డి ఇన్ని అంగుళాలకు మించరాదని నియమం ఉన్నది. అక్కడ స్థిరపడిన మనవారు ఇంటిముందు పచ్చికను శ్రద్ధగా కత్తిరిస్తారు. ఇక్కడి తమ స్థలంలో ఏమి పెరుగుతున్నదో ఎరుగనివారు వారిలోనూ ఉన్నారు. ఆ అంగుళాల లెక్క మనకు పనికిరాదు. మన బీళ్లలో గరిక ఉన్నది, ఉత్తరేణి ఉన్నది, ఉమ్మెత్త, వాకుడు ఉన్నాయి. వినాయక చవితికి పత్రి కోసం పిల్లలు వెతికేది వీటినే. ఎత్తును బట్టి అన్నింటినీ నరికించే నియమం కంటె, వయ్యారిభామను పూతకు ముందే పీకించే నియమం మేలు. చేతులకు తొడుగులు వేసుకొని, నేల తడిగా ఉన్నప్పుడు వేళ్లతో సహా పీకాలి. నిప్పు పెట్టడం, ఇళ్ల నడుమ కలుపు మందు చల్లడం తగవు.

ఖర్చు ఎవరిదన్న ప్రశ్న మిగులుతుంది. పదవీ విరమణ చేసి, పింఛనుపై బ్రతికే కార్మికునికి కూలి ఖర్చూ భారమే. ఖాళీ స్థలంపై పన్ను ఎలాగూ వసూలు చేస్తారు. అందులో కొంత ఈ పనికి కేటాయించి, ఆషాఢంలో ఒకసారి, విశాఖ తీరంలో వానలు మళ్లీ పుంజుకొనే ఆశ్వయుజంలో మరొకసారి వార్డు వారీగా పీకించవచ్చు. స్వయంగా శుభ్రపరచుకొన్నవారికి పన్నులో ఆ మేరకు తగ్గించాలి. నోటీసు మాత్రం జ్యేష్ఠంలోనే, మొక్క మొలవకముందే, యజమాని చేతికి అందాలి.