కోచింగు

దిల్‌సుఖ్‌నగరు మొదలు ఎల్‌.బి. నగరు వఱకు గోడలపై గానవచ్చు మాట “కోచింగు”. ఇది పుట్టినది పాఠశాలలో గాదు, బండ్ల కార్ఖానాలో. హంగరీదేశమునందలి కోచ్ అను పల్లెలో 15వ శతాబ్దమున చేసిన గుఱ్ఱపుబండికి ఆ యూరిపేరే నిలిచినది. 1830 ప్రాంతమున ఆక్స్‌ఫర్డు విద్యార్థులు, తమ్ము పరీక్ష దాటించు ఉపాధ్యాయుని పరిహాసముగా “కోచ్” అనిరి. ఆ పరిహాసమే మన నగరమున వ్యాపారమైనది!

మెట్రో రైలుపెట్టెకును ఈ పేరే. అందెక్కినవాఁడు నిద్రించినను ఎల్‌.బి. నగరు చేరును. కోచింగు అట్టిది కాదు. ర్యాంకులకు హామీ యీయరాదని కేంద్రప్రభుత్వము 2024 జనవరిలో మార్గదర్శకములు వెలువరించినది. చాలదు. రుసుము ముందే పుచ్చుకొను బండివారు, ఎందఱెక్కిరో, ఎందఱు గమ్యము చేరిరో చెప్పవలదా? చేరిన నలుగురి ఛాయాచిత్రములు గోడకెక్కుచున్నవి. నడుమ దిగిపోయినవారి లెక్కయు ఆ గోడమీదనే వ్రాయింపవలెనని మేము కోరుచున్నాము.