"మార్చి పారెయ్" బ్యాచ్‌కి ఓ దండం

మా తాతగారి 1984 అంబాసిడర్‌లో స్పీడోమీటరు ముల్లుకి పూనకం వచ్చింది. బండి నలభైలో పోతుంటే అది ముప్పైకీ అరవైకీ మధ్య ఊగుతోంది. హైదరాబాదులో ఒక వర్క్‌షాపుకి తీసుకెళ్ళా. అక్కడి కుర్రాడు వంగి కూడా చూడలేదు. "ఇవి రిపేరు కావు సార్, తీసేసి డిజిటల్‌ది పెట్టేద్దాం, ఆరువేలు" అన్నాడు. ఆఫీసులో చెబితే మావాళ్ళదీ అదే పాట. "నీ గంట ఖరీదెంత, దాని ఖరీదెంత? మార్చి పారెయ్ బాస్!"

ఇక్కడే నాకు ఒళ్ళు మండింది. ప్రొడక్షన్‌లో ఏది పడిపోయినా రూట్ కాజ్ అంటూ పేజీలకు పేజీలు రాసే జనం, ఎదురుగా ఉన్న యంత్రం విషయంలో మాత్రం కారణం అడక్కుండానే తీర్పిచ్చేస్తారు.

అసలు అందులో ఏముందని? గేర్‌బాక్సు దగ్గర్నుంచి ఒక కేబుల్ తిరుగుతూ మీటరు దాకా వస్తుంది. అది అక్కడో అయస్కాంతాన్ని తిప్పుతుంది. దానికి తగలకుండా ఒక అల్యూమినియం గిన్నె. అయస్కాంతం తిరిగితే గిన్నెలో ఎడ్డీ కరెంట్లు పుట్టి దాన్ని ముందుకి లాగుతాయి, సన్నటి స్ప్రింగు వెనక్కి లాగుతుంది. ఈ తగువులో గిన్నె ఎక్కడ ఆగితే ముల్లు అక్కడ. స్ట్రాస్‌బర్గ్‌కి చెందిన ఒట్టో షుల్జ్ 1902లో పేటెంటు తీసుకున్న పద్ధతి ఇది. చిప్పు లేదు, కోడు లేదు.

పైగా ఎక్కడ చెడిందో అదే చెబుతుంది. ముల్లూ, కిలోమీటర్ల అంకెలూ రెండూ ఆగాయా, ముందు కేబుల్‌ని అనుమానించాలి. ముల్లు బానే ఉండి అంకెలు ఆగితే లోపలి పళ్ళచక్రాలు. ముల్లు ఊగుతోందంటే చాలాసార్లు కేబుల్ ఎండిపోయి ఉంటుంది, లేదా ఎక్కడో మెలిపడి ఉంటుంది. ఇంతకన్నా మంచి ఎర్రర్ మెసేజ్ నా ప్రాజెక్టులో నేనెప్పుడూ చూళ్ళేదు!

పండక్కి ఊరెళ్తూ, ఫోన్లో జీపీఎస్ చూసుకుంటూ, బండిని విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళా. "కొత్తది వెయ్యాలా బాబాయ్?" అంటే "ముందు దీన్ని చూడనియ్యి బాబూ" అన్నాడు. మీటరు వెనక నట్టు విప్పి, లోపలి కేబుల్ బయటికి లాగి బల్ల మీద దొర్లించాడు. మెలి ఉంటే గెంతుతుందట. మాది గెంతలేదు గానీ, పాత గ్రీజు తారులా గట్టిపడిపోయింది. కిరసనాయిలుతో కడిగి, తుడిచి, కొత్త గ్రీజు పల్చగా రాశాడు. మీటరు వైపు నాలుగంగుళాలు మాత్రం వదిలేశాడు. "అక్కడ రాస్తే పైకి పాకి లోపలికి పోద్ది." లోపలికి పోతే గిన్నె జిడ్డుకి అంటుకుని ముల్లు అబద్ధాలాడుతుంది. మొత్తం గంట పని. తిరుగు ప్రయాణంలో అరవై దగ్గర జీపీఎస్‌కీ ముల్లుకీ తేడా మూడు. ఊగుడు లేదు.

డిజిటల్ వద్దని నేననట్లేదు. అయస్కాంతం బలం పోయి, భాగాలు దొరక్కపోతే మార్చాల్సిందే. కానీ అది వెతికాక చెప్పాల్సిన మాట, వెతక్కుండా చెప్పేది కాదు. పైగా కొత్త మీటరు సున్నాతో మొదలవుతుంది. పాతదాన్లో తాతగారు తిరిగిన కిలోమీటర్లున్నాయి. లక్ష దాటి ఒకసారి మొదటికొచ్చిందని ఇంట్లో అందరికీ తెలుసు. ఆఫీసులో లాగులు చెరిపేస్తే ఉద్యోగం ఊడుతుంది, ఇక్కడ చెరిపేస్తే అప్‌గ్రేడ్ అట!

ఇక గంట ఖరీదు లెక్క. ఆ పెద్దాయన దగ్గర పని నేర్చుకునే కుర్రాడు ఒక్కడూ కనపళ్ళేదు. మనం మార్చమని అడిగినన్నాళ్ళూ కుర్రాళ్ళు మార్చడమే నేర్చుకుంటారు. తప్పు ఆ హైదరాబాదు కుర్రాడిది కాదు, ఆరువేలు తీసి ఇచ్చే మనది. ఆయన తర్వాత ఆ నాలుగంగుళాల సంగతి ఎవరు చెబుతారు? దానికి ఖరీదు కట్టండి చూద్దాం.

ఇంట్లో పాత బండి ఉంటే ముందు ఆ నట్టు విప్పి చూడండి. తిట్టడం తర్వాత, నేనెక్కడికీ పోను.