ఒక్కనాడు బ్రదికిన నివేదిక

అమెరికా రిపబ్లికను పక్షమువారు స్వేచ్ఛావాణిజ్యమునకు తామే కావలివారమని చెప్పుకొనుచుండెడివారు. ప్రతినిధిసభలోని వారి అధ్యయనసంఘము 2012 నవంబరు 16వ తేదీన కాపీరైటు గడువును తగ్గింపవలెనని నివేదికను ప్రకటించి, మరునాడే ఉపసంహరించుకొనెను. తగిన పరిశీలన జరుగలేదట! చలనచిత్ర, సంగీత వ్యాపారుల ప్రతినిధుల ఒత్తిడియే కారణమని పత్రికలు వ్రాసినవి. దానిని రచించిన యువకుడు పిమ్మట కొలువు కోల్పోయెను. అందలి ప్రతివాక్యమును మేము సమర్థింపము. కాని ప్రత్యుత్తరమీయక మరుగుపరచుట ప్రజాపక్షమునకు తగునా?

ఈ దోషము ఒక్క పక్షమునదే కాదు. రచయిత మరణానంతరము 50 యేండ్లుండిన హక్కును 1998లో ఉభయపక్షముల సమ్మతితోనే 70 యేండ్లకు పెంచిరి. గతించిన రచయిత ఈ కానుకకు సంతసించి మరియొక గ్రంథము వ్రాయునా? ఆ శాసనమునకై డిస్నీ మొదలగు కంపెనీలు గట్టిగ పాటుపడినవి. హక్కు నిలిచియున్న 1923 నాటి పుస్తకములు 1999లో సర్వజనుల సొత్తు కావలసియుండ, అమెరికా పాఠకులు 2019 జనవరి 1వ తేదీ వరకు వేచియుండవలసివచ్చెను.