మెట్టు ఎందుకు రాలేదు?

హైదరాబాదులో పురానాపూల్ దాటి గోల్కొండ వైపు వెళితే కార్వాన్ అనే పేట వస్తుంది. కుతుబ్‌షాహీల కాలంలో వర్తకుల బిడారులు అక్కడ దిగేవి. పారశీక భాషలో బిడారును ‘కార్వాన్’ అంటారు. ఆ మాటే ఇంగ్లీషులో ‘కారవాన్’ అయింది. ఇప్పుడు కారవాన్ అంటే మంచం, పొయ్యి, కుళాయి అన్నీ ఉన్న మోటారుబండి. చక్రాల మీద ఇల్లన్నమాట!

ఇల్లన్నాక గుమ్మం ఉంటుంది. గుమ్మం ఎత్తుగా ఉంటే మెట్టు కావాలి. ఒకప్పుడు పాతబస్తీలో తిరిగిన జట్కాబండికి ఇనుపమెట్టు కదలకుండా బిగించి ఉండేది. కారవాను మెట్టు బాగా ముందుకు రావాలి. అలాగే ఉంచి బండి తోలితే దారిలో దేనికైనా తగులుతుంది. అందుకని కొన్ని బండ్లకు, తలుపు తెరిస్తే బయటికి వచ్చి, మూస్తే లోపలికి పోయే విద్యుత్తు మెట్టు పెడతారు.

అది ఎలా పనిచేస్తుంది? తలుపులో ఒక అయస్కాంతం, ద్వారబంధంలో ఒక మీట ఉంటాయి. తలుపు తెరవగానే అయస్కాంతం దూరమవుతుంది. మీట ఆ సంగతిని మెట్టు దగ్గర ఉన్న చిన్న పెట్టెకు తెలుపుతుంది. ఆ పెట్టె 12 వోల్టుల బాటరీ శక్తితో మోటారును తిప్పుతుంది.

ఒకనాడు మెట్టు రాలేదనుకోండి. తాతగారు అది ఉందనుకుని కాలు కింద పెడితే ఏమవుతుంది? పడిపోతారు! కాబట్టి లోపం వెంటనే పట్టుకోవాలి.

విద్యుత్తు బాటరీ ఒక కొస నుంచి బయలుదేరి, పని చేసి, రెండో కొసకు తిరిగి చేరాలి. ఈ దారిని ‘వలయం’ అంటారు. వెళ్ళడానికి తీగె ఉంటుంది. తిరిగి రావడానికి చాలా బండ్లలో ఇనుపచట్రమే దారి. మన ఆటోరిక్షాలోనూ అంతే. ఈ వలయం ఎక్కడ తెగినా పని ఆగిపోతుంది.

వెతకడం తేలికైన వాటితో మొదలుపెట్టాలి. తలుపు పక్కన ఉన్న మెట్టు మీటను ఎవరైనా ఆపివేశారా? బాటరీలో శక్తి ఉందా? ఫ్యూజు కాలిపోయిందా? అన్నీ బాగుంటే మెకానిక్కు 12 వోల్టుల బల్బు ఒకటి తీసుకుంటాడు. దాని ఒక తీగెను పెట్టెకు శక్తి తెచ్చే తీగెకూ, రెండోదాన్ని నేరుగా బాటరీ ఋణధ్రువానికీ తగిలిస్తాడు. బల్బు బాగా వెలిగితే వెళ్ళే దారి మంచిదే. ఇప్పుడు రెండో తీగెను అక్కడి నుంచి తీసి, పెట్టె నుంచి చట్రానికి పోయే తీగెకు తగిలిస్తాడు. వెలుగు మందగించిందా? దొంగ దొరికాడు! లోపం తిరిగి వచ్చే దారిలో ఉంది.

మెట్టు బండి అడుగున ఉంటుంది గనుక వానాకాలం బురదనీళ్ళు దానిమీదే చిమ్ముతాయి. చట్రానికి తీగె బిగించిన మర తుప్పు పడుతుంది. మోటారుకు 5 ఆంపియర్లు కావాలనీ, తుప్పు అడ్డు 1 ఓమ్ అనీ అనుకోండి. 5 ఒకట్ల 5 వోల్టులు తుప్పే తినేస్తుంది. మోటారుకు మిగిలేవి 7 వోల్టులే! ఈ లెక్క నేర్పినవాడు జర్మనీ ఉపాధ్యాయుడు జార్జ్ ఓమ్. దీన్ని 1827లో ప్రచురించాడు.

మోటారు తిరగనప్పుడు మీటరు పెట్టి చూస్తే మాత్రం 12 వోల్టులూ ఉన్నట్టే చూపవచ్చు. సగం పూడుకున్న గొట్టం కూడా కుళాయి కట్టి ఉన్నంతసేపు బాగున్నట్టే ఉంటుంది. కుళాయి తిప్పితేగాని దాని గుట్టు తెలియదు. అందుకే మెకానిక్కు బల్బు వెలిగించి చూశాడు.

ఇది మీరూ చూడవచ్చు. రెండు టార్చి సెల్లులు, ఒక టార్చి బల్బు, తీగెలు తెచ్చి వలయం కట్టండి. మధ్యలో బాగా తుప్పుపట్టిన మేకు ఒకటి తగిలించండి. బల్బు వెలగదు, లేదా మినుకుమంటుంది. మేకును ఉప్పుకాగితంతో తోమి మళ్ళీ తగిలించండి. బల్బు వెలుగుతుంది!

అయితే మూడు మాటలు మరవకండి. ఫ్యూజుకు బదులు లావుపాటి తీగె ఎన్నడూ పెట్టరాదు; ఎక్కడైనా తీగెలు ఒరుసుకుంటే బండే అంటుకోవచ్చు. మెట్టు కింద చెయ్యి పెట్టేముందు పెద్దవాళ్ళు సైతం ఫ్యూజు తీసివేయాలి. లేకపోతే మెట్టు హఠాత్తుగా కదిలి వేళ్ళు నలుగుతాయి. ఇక మీ ప్రయోగం టార్చి సెల్లుతోనే చెయ్యండి. ఇంటిగోడలో ఉన్న 230 వోల్టుల కరెంటు జోలికి పోకండి.