షూటింగ్ వస్తే పండగ ఎవరికి? భీమిలి బీచ్‌లో చిన్న వ్యాపారుల లెక్క ఇదీ..

చీపురుపల్లి: ఆదివారం వచ్చిందంటే చీపురుపల్లి, గరివిడి కుర్రాళ్లకి ముందు గుర్తొచ్చేది భీమిలి బీచే. విజయనగరం దాటితే సముద్రం దగ్గరికొచ్చేసినట్టే. తీరా వెళ్లాక ఒక్కోసారి అక్కడ తాడు కట్టేసి ఉంటుంది. "షూటింగ్ జరుగుతోంది, అటు వెళ్లండి" అంటారు. హీరో కనిపిస్తాడేమోనని మనకి సరదా. మరి అదే తాడు దగ్గర ఆగిపోయిన మురీ మిక్చర్ బండి సంగతేంటి?

ఈ తీరానికి కెమెరా కొత్తేం కాదు. 1978లో వచ్చిన బాలచందర్ 'మరో చరిత్ర' విశాఖ, భీమిలి తీరంలో తీసిందే. ఆ తర్వాత బీచ్ రోడ్డు పక్కన కొండ మీద రామానాయుడు స్టూడియో వచ్చింది. 2022 మార్చిలో అప్పటి ప్రభుత్వం ఒక షరతు కూడా పెట్టింది. రెమ్యునరేషన్లు కాకుండా బడ్జెట్ రూ.100 కోట్లు దాటిన సినిమాకి టికెట్ రేటు పెంచుకోవాలంటే, కనీసం 20 శాతం షూటింగ్ ఏపీలోనే చేయాలి. అంటే యూనిట్లు ఇక్కడికి రావాలనే అందరి కోరిక.

లాభం ఎవరికి?

యూనిట్ అంటే హీరో, హీరోయిన్ ఇద్దరే కాదు. లైట్‌మెన్, మేకప్, డ్రైవర్లు, జూనియర్ ఆర్టిస్టులు.. పెద్ద గుంపే ఉంటుంది. వాళ్లకి గదులు కావాలి, కార్లు కావాలి, టెంట్లు కావాలి. అందుకే హోటళ్లు, ట్రావెల్స్ వాళ్లకి షూటింగ్ అంటే పండగే. టూరిస్టులు తక్కువగా వచ్చే రోజుల్లో అయితే మరీను.

బండి వాళ్ల లెక్క వేరు. వాళ్లకి వ్యాపారం జరిగేదే సాయంత్రం నాలుగైదు గంటలు, అదీ శని, ఆదివారాల్లో. పొద్దున్నే మసాలా పట్టించిన చేపలు, కోసిపెట్టిన మామిడికాయ ముక్కలు మర్నాటికి పనికిరావు. ఆ నాలుగు గంటలూ బీచ్ మూసేస్తే పెట్టుబడి కూడా పోయినట్టే. పైగా పెద్ద యూనిట్లకి భోజనం వాళ్ల ప్రొడక్షన్ నుంచే వచ్చేస్తుంది. జనరేటర్ వ్యాన్ కూడా వెంటే తెచ్చుకుంటారు. పర్మిషన్ ఫీజు ఆఫీసులో కడతారు. ఇందులో బండి దాకా వచ్చేది ఏముంది?

అలాగని వద్దనడానికీ లేదు. సినిమా హిట్ అయితే 'ఆ పాట తీసింది ఇక్కడే' అంటూ జనం ఏళ్ల తరబడి వస్తారు. కానీ ఆ జనం కూడా అదుపులో ఉండాలి. 2000లో విడుదలైన హాలీవుడ్ సినిమా 'ది బీచ్'తో థాయ్‌లాండ్‌లోని మాయా బే ప్రపంచానికంతా తెలిసిపోయింది. చివరికి రద్దీకి పగడపు దిబ్బలు దెబ్బతిని, 2018 జూన్‌లో ఆ బీచ్‌నే మూసేయాల్సి వచ్చింది. మళ్లీ తెరిచింది 2022 జనవరిలో!

న్యూస్ కెమెరా సంగతీ ఉంది

సినిమా కెమెరాకి నవ్వుతూ చేయి ఊపేవాళ్లే న్యూస్ కెమెరాని చూస్తే కాస్త బెదురుతారు. కారణం ఉంది. మన దగ్గరికి టీవీ వాళ్లు ఎక్కువగా వచ్చేది తుపానుకే. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్, 2018 అక్టోబర్‌లో తిత్లీ.. ఆ అలలు టీవీలో ఎన్నిసార్లు చూశామో! హెచ్చరిక చెప్పడం తప్పనిసరి, అది ప్రాణాలు కాపాడుతుంది. సమస్య ఆ తర్వాతే. సముద్రం శాంతించినా పాత విజువల్స్ తిరుగుతుంటే, వచ్చే వారం టూర్ అనుకున్నవాళ్లు మానేస్తారు. నష్టం మళ్లీ బండి వాళ్లకే.

మరి ఏం చేయాలి?

పెద్ద ఖర్చేం లేదు. ఒకటి, షూటింగ్ తేదీ, టైమ్ రెండు మూడు రోజుల ముందే బీచ్‌లో బోర్డు పెట్టి చెప్పాలి. అప్పుడు బండి వాళ్లు సరుకు తగ్గించుకుంటారు, మనమూ ఇంకో బీచ్‌కి వెళ్తాం. రెండు, వీలైనంత వరకు ఆదివారం సాయంత్రాలు వదిలేయాలి. మూడు, టిఫిన్లు, టీలు, కొబ్బరి బొండాలైనా అక్కడి వాళ్ల దగ్గరే కొనాలి. దారి మూసేస్తే ఆ రోజు నష్టానికి పర్మిషన్ ఫీజులో కొంత ఇవ్వాలి. ఇక టీవీ వాళ్లు పాత విజువల్స్ మీద తేదీ వేయాలి. తుపాను రోజు వచ్చినట్టే, బీచ్ మళ్లీ తెరిచిన రోజూ రావాలి.

భోగాపురం ఎయిర్‌పోర్ట్ నుంచి భీమిలి ఎంతో దూరం లేదు. విమానాలతో పాటు యూనిట్ల రాకపోకలూ పెరుగుతాయి. కెమెరా మీద ఇక్కడి వాళ్లకి కోపం లేదు. వాళ్లు అడిగేది ఒక్కటే. తాడు కట్టే ముందు ఒక మాట చెప్పమని!