వేడిని తోడే మోటారు

మే నెల మిట్టమధ్యాహ్నం ఆదోనిలో ఏసీ ఉన్న ఇంటి వెనక సందులో నడిచి చూడండి. బయట బిగించిన పెట్టె మొహం మీద వడగాలి కొడుతుంది. ఆ ఇంటివాళ్ల గదిలోంచి తోడి పోసిన వేడి అది! ఏసీ చల్లదనాన్ని తయారు చేస్తుందనుకుంటాం గానీ, అది చేసేది బోరు మోటారు పనే. నీళ్ల బదులు వేడిని తోడుతుంది. హీట్ పంప్ అనే పేరు అందుకే.

సూదిమందు వేసేముందు నర్సు స్పిరిట్ రాస్తే చర్మం చల్లబడుతుంది కదా. ఆవిరయ్యే ద్రవం ఒంట్లో వేడిని లాక్కుంటుంది. ఏసీ లోపలి గొట్టాల్లోనూ అంతే, ద్రవం ఆవిరవుతూ గదిలో వేడిని పీలుస్తుంది. ఆ ఆవిరిని కంప్రెసర్ అదిమితే బాగా వేడెక్కుతుంది, గాలి కొట్టేటప్పుడు సైకిల్ పంపు కాలినట్టు. బయటి ఎండను మించి వేడెక్కుతుంది కనుకే 42 డిగ్రీల గాలిలోకి కూడా వేడిని వదిలి మళ్లీ ద్రవమవుతుంది. చలిదేశాల్లో దీన్నే తిరగేసి, బయటి గాలిలోని వేడిని ఇంట్లోకి తోడుకుంటారు. ఒక యూనిట్ కరెంటుకు సుమారు మూడు యూనిట్ల వేడి! మన దగ్గర ఇల్లు వెచ్చబెట్టుకునేంత చలి ఎక్కడిది? ఎండాకాలం ట్యాంకు నీళ్లే కాగిపోతుంటే!

బోరు లోతు పెరిగేకొద్దీ మోటారుకు శ్రమ. ఇక్కడ లోతంటే లోపలికీ బయటికీ ఉన్న వేడి తేడా. బయట 42 ఉండగా 18లో పెడితే తేడా 24 డిగ్రీలు, 26లో పెడితే 16 డిగ్రీలే. కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలన్న నిబంధన 2020లో వచ్చింది.

అసలు ఏసీ కొనేముందు పైకప్పు చూసుకోండి. పాత మట్టి మిద్దెల్లో మందపాటి మట్టి ఎండను చాలాసేపు ఆపేది. ఇప్పటి సిమెంటు స్లాబు సాయంత్రానికి పెనంలా కాలుతుంది. మార్చిలోనే సున్నం కొట్టిస్తే కొంత తగ్గుతుంది. పొడి ఎండలకు కూలరు చాలు, కరెంటూ తక్కువే. వానలు పడి గాలిలో తేమ పెరిగాక మాత్రం అది ఉక్కపోత పెంచుతుంది.

ఏసీయే పెట్టించాల్సి వస్తే బయటి పెట్టెను నీడపట్టున, గాలి ఆడేచోట బిగించమనండి. పక్కింటి కిటికీకి ఎదురుగా మాత్రం వద్దు. ఎమ్మిగనూరులో ఆ కిటికీ వెనకే ఎవరో మగ్గం గుంటలో కూర్చుని నేస్తుండవచ్చు.